తిత్తి మార్చిన కాసులమ్మ

భావనపాడు వెళ్లే రోడ్డు మీద, జీడితోటల మలుపులో ఒక రేకుల పాక ఉంది. ముందు వేలాడే పాత లారీ టైరే దానికి బోర్డు. ఆ పాకలో కాసులమ్మ మొగుడు బాబ్జీ పంక్చర్లు వేసేవాడు. జ్వరంతో అతను పోయేనాటికి ఆమెకు ఇరవయ్యారేళ్లు. పదకొండో రోజున చుట్టాలంతా కూర్చుని కొట్టు ఎవరికి అప్పగించాలా అని మాట్లాడుకుంటుంటే, ఆమె లేచివెళ్లి తాళం తీసి, గాలిపంపు బయట పెట్టింది.

"ఆడది గాలి కొట్టడమేటే? లోకం నవ్వదేటి?" అంది అత్త.

"నవ్వినోలికి కొట్టన్లే."

ఆ మాట అని ఇరవై రెండేళ్లయింది. నవ్వినవాళ్లు ఒక్కొక్కరే ఎండలో బళ్లు తోసుకుంటూ వచ్చారు. వాళ్లను చూసి చూసి ఆమెకు మగజాతి మీదే ఒక చులకన పట్టుకుంది. మేకు దిగిన టైరు మీద రెండు మైళ్లు నడిపి, ట్యూబంతా చింపుకుని వచ్చి, పైగా కంపెనీని తిట్టే జాతి అది అని ఆమె అభిప్రాయం.

అందులోనూ వైకుంఠరావంటే ఆమెకు మరీ ఈసడింపు. నలభై ఎకరాల కొబ్బరీ జీడీ ఉన్న ఆసామి, ఒకప్పటి సర్పంచి. సముద్రానికి కోసు దూరంలో పుట్టి, అరవై ఏళ్లలో మోకాలి లోతుకు దిగి ఎరగడు. అలాంటి మనిషి కిందటేడు విశాఖపట్నంలో ఎవరో వదిలించుకున్న తెల్లటి షికారు పడవను కొని, ట్రాలీ మీద ఎక్కించి తెచ్చుకున్నాడు. దాని ఇంజను పడవ లోపల ఉంటుంది. నీటిని తోసే ఫ్యానున్న ఇనపకాలు వెనక బయట వేలాడుతుంది. పడవను జీడిగింజలు ఆరబోసే కళ్లంలో నిలబెట్టి, దారినపోయేవాళ్లకు ఫ్యాను కనబడాలని ఆ కాలును ఏడాది పొడుగునా పైకెత్తే ఉంచాడు.

ఇంజను నుంచి కాలుకు వెళ్లే ఇరుసు మీద, నీళ్లు చొరబడకుండా, కొలిమితిత్తిలా ముడతలు ముడతలుగా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. ఏడాదిపాటు మడిచి ఉంచిన రబ్బరు ఊరుకుంటుందా? మడతల్లో పగిలింది. టెక్కలి స్నేహితులను ఎక్కించుకుని బయల్దేరిన రోజున అరికాళ్లకు నీళ్లు తగిలాయి. ఆరుగురు పెద్దమనుషులు చెప్పులతో నీళ్లు తోడుకుంటూ ఒడ్డుకు వచ్చిపడ్డారు.

ఎండుచేపలమ్మే బొడ్డమ్మ ఈ సంగతి చెప్పి పడిపడి నవ్వింది. కాసులమ్మ మాత్రం నవ్వలేదు.

"సెప్పులకి పని తగిలినాది. తలకాయలకి ఎప్పుడు తగుల్తాదో," అని ట్యూబును నీళ్లలో ముంచింది.

వైకుంఠరావు ఇల్లరికపుటల్లుడు భానుప్రకాష్ పలాసలో ఇంజనీరింగు చదివాడు. అతను ఫోనులో వీడియో చూసి, పగిలిన తిత్తి మీద లారీ ట్యూబు ముక్క చుట్టి, ఇనపతీగతో బిగించాడు. పడవ రేవు దాటకుండానే మళ్లీ నీళ్లు. అప్పుడు కాసులమ్మకు కబురొచ్చింది.

ఆమె కళ్లానికి వెళ్లి, వంగి తిత్తిని వేళ్లతో విప్పి చూసింది. ప్రతి మడతలోనూ పగులే.

"ఓ ప్యాచీ ఎయ్యే కాసులమ్మా, సరిపోద్ది," అన్నాడు వైకుంఠరావు అరుగు మీద నుంచి.

"ముడుసుకుని విచ్చుకునే దాని మీద ప్యాచీ నిలబడదు బాబూ. కొత్తది తెప్పించండి. ఈ కాలు ఎత్తి ఉంచమని ఎవులు సెప్పినారు?"

"చూడ్డానికి బాగుంటుందని."

"బాగున్నాది," అంది ఆమె, మునిగిన పడవ వంక చూస్తున్నట్టు.

కొత్త తిత్తి, దాని జిగురూ కొరియరులో పలాసకు వచ్చాయి. బిగించే పని భానుప్రకాష్ తనే పెట్టుకున్నాడు. పంక్చరు మనిషి చేత చేయించానంటే తన చదువుకు మచ్చ. ఇద్దరు పాలేర్లతో కాలు ఊడదీయించాడు. అది కాస్తా మట్టిలో పడింది. తిత్తి అంచు పడవ వెనక పొడుచుకొచ్చిన ఇనపగొట్టం మీదకు ఎక్కలేదు. జారుతుందని గ్రీజు పూశాడు. ఎక్కింది, జారింది. ఎక్కింది, జారింది. రెండు రోజులు ఇదే భాగోతం. మూడో నాడు కాసులమ్మ కోసం కారు పంపాడు.

ఆమె వచ్చి, గ్రీజుతో నిగనిగలాడుతున్న కొత్త రబ్బరును రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుంది.

"ఇదేటి బావూ, తలంటు పోసినారు?"

"లోపలికి ఈజీగా వెళ్తుందని…"

"ఎల్లడం ఈజీయే. ఉండడం గదా గావాల."

పాలేర్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఆమె కొంగు బిగించి పనిలోకి దిగింది. తిత్తిని సబ్బునీళ్లతో మడత మడతా కడిగి నీడన ఆరబెట్టింది. ఇనపగొట్టం అంచున గట్టిపడిన పాత జిగురును బ్లేడుతో గీకింది, గరుకుకాగితంతో రుద్దింది, పెట్రోలు గుడ్డతో తుడిచింది. గంటన్నర పట్టింది. వైకుంఠరావు రెండుసార్లు టీ తాగాడు, ఆమెను తాగమని ఒక్కసారీ అనలేదు. దానికి ఆమె ఆశ్చర్యపోలేదు కూడా.

తిత్తి అంచు లోపల జిగురు పూసి పక్కన పెట్టింది.

"అతికించెయ్యొచ్చుగా?" అన్నాడు భానుప్రకాష్.

"తడి జిగురు మీద అతుకుద్దేటి? ఏలెడితే అంటనంతగా ఆరాల. సైకిలు ప్యాచీకీ అదే లెక్క. ఏ కాలేజీలో సెప్పినారు మీకు?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

జిగురు పదును చూసి, ఆమె రెండు బొటనవేళ్లతో అంచును చుట్టూతా నొక్కుకుంటూ ఎక్కించింది. గాడిలో కూర్చున్నప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. చుట్టూ వేలు పోనిచ్చి ఎక్కడా ఉబ్బు లేదని చూసుకుంది. పడవ వైపు ఒక ఇనపపట్టీ, కాలు వైపు ఒకటి, వాటి మరలు స్క్రూడ్రైవరుకు అందే వైపుకు తిప్పి బిగించింది. ఇరుసుకు కొత్త గ్రీజు పట్టించింది. నలుగురు మగవాళ్లు కాలును ఎత్తి పట్టుకుంటే, ఫ్యానును కొద్దికొద్దిగా తిప్పుతూ లోపల ఇరుసు పళ్లు కలిసేదాకా వాళ్లను కదలనివ్వలేదు.

"మూలగకండి. దిట్టమైన తిండి తిన్నోలే గదా."

ఆదివారం భావనపాడు రేవులో పడవను నీళ్లలోకి దింపారు. టెక్కలి స్నేహితులే మళ్లీ వచ్చారు, ఈసారి బూట్లు వేసుకుని. కాసులమ్మ పడవలోకి దిగి, ఇంజను మూత ఎత్తి, అడుగున అరచెయ్యి ఆనించింది. పావుగంట అలాగే ఉంది. పొడి.

ఒడ్డు మీద నుంచి వైకుంఠరావు గొంతు వినబడుతోంది. "మా అల్లుడేనయ్యా మొత్తం విప్పి మార్చినాడు. ఇంజనీరంటే ఊరికేనా?"

ఆమె మూత వేసి నిలబడింది. కోపం రాలేదు. ఇంకొకరు రాసిన పరీక్షను కొడుకే రాశాడని చెప్పుకునే తండ్రిని చూసినట్టు చూసింది.

"అల్లుడు బావూ, లోపల పట్టీలు ఎన్నున్నాయో సెప్పండి," అంది అందరికీ వినబడేలా.

భానుప్రకాష్ పడవ వంక చూశాడు, మావగారి వంక చూశాడు. "నాలుగు," అన్నాడు.

"రెండు." ఆమె ఒడ్డుకు దిగింది. "ఎల్లండి. మునగరు. ఆ రబ్బరు దాని పని అది సేత్తాది. మీ ఇంటికి వొచ్చినోటిల్లో పని సేసేది అదొక్కటే."

స్నేహితుల్లో ఒకతను దగ్గినట్టు నవ్వాడు. వైకుంఠరావు మొహం జేగురించింది. పడవ వెళ్లింది, తిరిగొచ్చింది. ఒక్క బొట్టు రాలేదు. మర్నాటి నుంచి ఆ ఇంటివాళ్లెవరూ ఆమెను పలకరించలేదు. ఆమెకు అది లాభంలాగే తోచింది.

వానాకాలం వచ్చేసరికి వైకుంఠరావుకు పడవ మొహం మొత్తింది. కళింగపట్నం నుంచి నిరంజన్ అనే అతను కొనడానికి వచ్చాడు. షికారు పడవలు నడిపే మనిషి. దీపం పెట్టి లోపలంతా చూశాడు. తిత్తి దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇది ఎవరు చేశారండీ? నా మిగతా రెండు పడవలకీ వాళ్ల చేతే చేయించాలి."

వైకుంఠరావు అల్లుడి వంక చూశాడు. అల్లుడు నేల చూశాడు. ఈసారి అబద్ధమాడితే రెండు పడవలు విప్పాల్సి వస్తుంది. చివరకు భానుప్రకాషే అతన్ని బండెక్కించుకుని రేకుల పాక దగ్గరకు తీసుకొచ్చాడు.

కాసులమ్మ పాలవాడి సైకిలు చక్రం విప్పుతోంది. నిరంజన్ నమస్కారం పెట్టి సంగతంతా చెప్పాడు. ఆమె విన్నది; భానుప్రకాష్ వైపు చూడనైనా లేదు.

"కూకోండి బాబూ," అని నిరంజన్‌కు బల్ల చూపించింది. బల్ల మీద చోటు ఒక్కరికే ఉంది. "ఈ సైకిలు ముందొచ్చినాది. ఇదయ్యాక మాటాడదాం."

భానుప్రకాష్ ఎండలో నిలబడ్డాడు.