గొట్టంలో గంధం

మనుషులతో మాట్లాడటం కంటే రాయడమే నాకు సులువు. అందుకేనేమో, నాకున్న ఒక్క దగ్గరి స్నేహితురాలిని ఇంతవరకు ఎదురుగా చూడలేదు. ఇంటర్నెట్‌లో పుస్తకాల గురించి మాట్లాడుకునే ఒక బృందంలో పరిచయమైంది. యూదుల అమ్మాయి, అమెరికాలో ఉంటుంది. నేను తమిళనాడులో, కోవిల్‌పట్టికి అవతల, ఎట్టయపురం దారిలో, నల్లరేగడి ఊళ్లో ఉంటాను. మూడేళ్లుగా ఒకరికొకరం రాసుకుంటున్నాం.

ఈ ఏడాది ఆమె ఉత్తరాల్లో పుస్తకాల మాట తగ్గిపోయింది. వాళ్ల పక్క ఊళ్లో శనివారం ప్రార్థన జరుగుతుండగా ఎవడో వచ్చి కాల్పులు జరిపాడు. తరవాత వీళ్ల మందిరం గోడ మీద కూడా బెదిరింపు రాతలు కనిపించాయి. బళ్లో లెక్కలు చెప్పుకునే వాళ్ల నాన్న, చనిపోయిన తాత పిస్తోలు పెట్టెలోంచి తీశాడు. వచ్చే శనివారం దాన్ని పట్టుకుని మందిరం గుమ్మంలో నిలబడతానన్నాడట. దాన్ని ఆయన ఎన్నడూ పేల్చలేదు. "మీ ఇంట్లో తుపాకి ఉందని రాశావు కదా. మీ మీదికి జనం వచ్చినప్పుడు అది పనికొచ్చిందా? ఉన్నదున్నట్టు చెప్పు. నాన్నను ఆపాలో వద్దో తెలియడం లేదు" అని రాసింది.

నాకు తెలిసింది రాశాను. మా ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లు పన్నెండు. పోయిన ఎండాకాలం బస్టాండు దగ్గర మొదలైన ఒక గొడవ మా వీధి దాకా వచ్చింది. పక్క ఊరి నుంచి ముప్పైమంది కర్రలతో వచ్చారు. మా నాయన గోడమీది ఒంటిగొట్టం తుపాకి దించాడు. పందుల నుంచి పైరు కాపాడుకోవడానికని తాత కాలంలో లైసెన్సు తీసుకున్నది. తూటా పెట్టి తిన్నె మీద నిలబడ్డాడు. నేను ఆయన భుజం వెనకే, మిగతా తూటాల డబ్బా పట్టుకుని నిలుచున్నాను. "ఒక్కటి గాల్లోకి కాలుస్తా" అన్నాడు. ఇంతలో పోలీసు జీపు వచ్చింది. కర్రలవాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి వీధంతా తుపాకే కాపాడిందంటుంది. నేనూ అదే రాశాను: పనికొచ్చింది, మీ నాన్నను ఆపకు.

ఆ వారంలోనే లైసెన్సు పునరుద్ధరణ వచ్చింది. తుపాకుల పని తెలిసిన మనిషి చూసి, బాగుందని కాగితం ఇవ్వాలన్నారు ఆఫీసులో. శుక్రవారం పొద్దున నాయన దాన్ని చాపలో చుట్టాడు. కాగితాలు చదవడానికి నన్ను వెంట రమ్మన్నాడు. బస్సులో పక్కనున్న ముసలమ్మ "చాప ఎంతకి ఇస్తావయ్యా?" అని తమిళంలో బేరం పెట్టింది. విరుదునగర్ చేరేదాకా నాయన ఆమె వైపు తిరగలేదు.

అక్కడి తుపాకుల దుకాణంలో ఉన్న పెద్దాయన మా మాటలు విని తానూ తెలుగులోకి మారాడు. తుపాకిని కీలు దగ్గర వంచి తెరిచి, గొట్టాన్ని వెలుగుకెత్తి ఒక కన్నుతో చూశాడు. మళ్లీ చూశాడు. వెనక నుంచి ఇనుప కడ్డీ దూర్చాడు. మూతి దగ్గరికొచ్చి ఆగింది.

"ఏమిరా అబ్బయ్యా, దీంట్లో ఏం పోసినారు?"

"ఏం పోస్తాము సామీ? ఆయుద పూసకి మా అమ్మ సందనం, పసుపు పెడతాది. అంతే."

"యాడ పెడతాది?"

నాయన చూపుడువేలితో గొట్టం మూతి చూపించాడు. ఆయుధ పూజ నాడు మా అవ్వ నాగలికీ, కొడవలికీ, సైకిలుకూ బొట్టు పెట్టినట్టే తుపాకికీ పెడుతుంది. మూతికి పెట్టకపోతే ఆయుధానికి కోపమని, వేలితో లోపలికంటా మెత్తుతుంది. ఏడాదికొక పొర. తాత పోయాక ఎవరూ తుడవలేదు. పొరలన్నీ కలిసి రాయి కట్టాయి.

"కాల్చినారా ఎప్పుడన్నా?"

"లేదు. పోయిన ఎండల్లో కాలుస్తామనుకొంటిమి."

"కాల్చుంటే వాళ్లకేం కాదు. గొట్టం పగిలి నీ మొగమే పోయుండును. ఈ పాప యాడ నిలిచి ఉన్నింది?"

నాయన నా వైపు చూసి, పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

నాకు ముందు గుర్తొచ్చింది ఆ పిస్తోలు. అమెరికాలో అప్పుడు గురువారం రాత్రి. మధ్యలో ఒక్కరోజే ఉంది. దుకాణం మెట్ల మీదే ఫోన్లో రాశాను: "నా జవాబు తప్పు. మా తుపాకి మమ్మల్ని కాపాడలేదు, మమ్మల్ని చంపేదే. మీకు తుపాకి ఉండాలో వద్దో చెప్పే అర్హత నాకు లేదు. మీ మీదికి వచ్చేవాడు కర్రతో రాడు. కానీ ఎన్నడూ పేల్చని దాన్ని, పేల్చడం రాని మనిషి చేతికి ఇవ్వకు. దయచేసి ఈ శనివారం ఆపు."

తిరుగు బస్సు సాత్తూరు దాటింది. జవాబు లేదు. నాయన కిటికీ వైపు తల తిప్పి, నా చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. అలా పట్టుకోవడం నా చిన్నతనం తరవాత ఇదే మొదలు.

సాయంత్రం ఇంట్లో కాఫీ తాగుతుండగా ఫోన్లో ఆమె జవాబు వచ్చింది. పొద్దున్నే లేచి చదివిందట. వంటింట్లో వాళ్ల నాన్నకు నా ఉత్తరం బిగ్గరగా వినిపించిందట. ఆయన కోప్పడి, కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి పిస్తోలును తెలిసినవాళ్లకు చూపించడానికి ఒప్పుకున్నాడు. మందిరంలో తుపాకి శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరున్నారు, ఈ శనివారం వాళ్లు గుమ్మంలో ఉంటారు. కూలికి పెట్టిన కాపలాదారు ఒకడు బయట ఉంటాడు. వాళ్ల నాన్న లోపల, ఆమె పక్కన కూర్చుంటాడు.

ఇదంతా నాయనకు మా మాటలో చెప్పాను.

"ఆ పిల్ల నాయన నన్ను తిట్టినాడా?"

"మనల్నిద్దర్నీ తిట్టినాడంట నాయనా."

"తిట్టనీ పాపా, తిట్టనీ" అన్నాడు. చాలా రోజుల తరవాత పెద్దగా నవ్వాడు. "మనిషి ఉండాడు గదా తిట్టేదానికి."