విమానాల సమ్మెనాడు మా టిక్కెట్ల షాపు

మొన్న మా ఆడపడుచు అమలాపురం నుంచి నా ఫోనుకి ఒక వీడియో పంపింది. ఏదో పెద్ద విమానాశ్రయం, పైలట్లు చాలక విమానాలు రద్దు చేశారట, కోటు తొడుక్కున్న ఒకాయన కౌంటరు మీదికెక్కి అవతల కూర్చున్న పిల్లని జుట్టు పట్టుకుని లాగుతున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఆపడం మానేసి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. కింద మా ఆడపడుచు ఒక్క ముక్కే రాసింది, "వదినా, చూసేవా" అని. చూశాను. చూసి, ఫోను బల్ల మీద బోర్లించి, పొయ్యి మీద పాలు పొంగిపోయిన వాసన వచ్చేదాకా అలాగే కూర్చుండిపోయాను.

మన ఈడు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, అప్పట్లో విమానం టిక్కెట్టు చిన్న పుస్తకంలా ఉండేది, కాగితాల వెనక ఎర్రటి కార్బను పూత, గట్టిగా నొక్కి రాస్తేనే అక్షరం అడుగు కాగితం దాకా దిగేది. రాజోలు బస్టాండుకి ఎదురుగా మావారు పెట్టిన షాపులో ఆ టిక్కెట్లు రాసే పని నాది, ఎందుకంటే మావారి చేతిరాత మావారికే అర్థమయ్యేది కాదు. షాపు ముందు, వెనక వాటాలో మా కాపురం. మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ వంటపనికి వెళ్ళే ఆడవాళ్ళూ, కార్లు నడపడానికి వెళ్ళే మగవాళ్ళూ మా దగ్గరే టిక్కెట్లు తీసుకుని, రేవులో గోదావరి దాటించే పంటెక్కి నరసాపురంలో దిగి, అక్కణ్ణించి రైల్లో హైదరాబాదు చేరి విమానం ఎక్కేవారు. సెలవుకి వచ్చినప్పుడు ఓ సెంటు సీసానో, ఖర్జూరం పొట్లమో తెచ్చిపెట్టి, ఈసారి కిటికీ పక్కన చూడండమ్మా అని అడిగి వెళ్ళేవారు. వాళ్ళకి విమానాల కంపెనీ అంటే మేమే. ఆ మాట వాళ్ళ నోట వింటే మావారికి ఛాతీ పొంగేది.

మేం ఎక్కువగా టిక్కెట్లు రాసే విమానాల కంపెనీలోనే మా ఆడపడుచుకి ఎయిర్ హోస్టెస్‌గా ఉద్యోగం వచ్చింది. మా చుట్టుపక్కల ఆ ఉద్యోగానికి వెళ్ళిన ఆడపిల్ల అప్పటికి లేదు. మెడకి రుమాలు కట్టుకుని నవ్వుతున్న ఆ పిల్ల ఫొటోకి మావారు అద్దం కట్టించి తన కుర్చీ వెనక గోడకి తగిలించారు, వచ్చినవాళ్ళందరికీ మా చెల్లాయండీ అని చూపించేవారు.

కంపెనీ పేరు ఇప్పుడెందుకు లెండి, అసలు కంపెనీయే లేదు. విమానాలు అద్దెవి, వాటికి పోసే నూనె ధర మండిపోయింది, పోటీ కంపెనీలొచ్చి రేట్లు విరగ్గొట్టాయి, ఇంక తగ్గించుకోవడానికి ఏమీ లేక మనుషుల్ని తగ్గించారు. ఉన్నవాళ్ళ మీద పడింది ఆ బరువంతా. ఒక డ్యూటీ దిగి గదికెళ్ళి చెప్పులు విప్పేలోగా మళ్ళీ కంపెనీ కారొచ్చి కింద హారను కొట్టేదట. నిద్ర లేక తూలుతూ పనిచేస్తున్న ఒక పిల్ల విమానం దిగే కుదుపులో పడి వెన్నుపూస విరగ్గొట్టుకుంటే, నీ అజాగ్రత్తే కారణమని ఇంటికి పంపేశారట. దాంతో పైలట్లూ, ఈ ఆడపిల్లలూ, సామాన్లెక్కించే వాళ్ళూ అందరూ ఒక్కటై పని మానేశారు. కంపెనీ వాళ్ళు బయటి మనుషుల్ని వ్యాన్లలో తీసుకొచ్చి లోపలికి పంపబోయారు, వీళ్ళు గేటుకి అడ్డంగా కూర్చున్నారు, పోలీసులు దిగి లాఠీలు ఝళిపించారు. పక్కనున్న పిల్ల తల మీద పడబోతున్న దెబ్బకి మా ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేతి ఎముక విరిగింది.

ఆ పిండికట్టు చేత్తోనే రైలు దిగి, పంటు దాటి, ఇంటికొచ్చింది. మావారు చెల్లెల్ని చూసి పెరట్లోకి వెళ్ళిపోయి, కొబ్బరిచెట్టుకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. నేను అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టాను. తిని, ఆ పిల్ల రెండు పూటలు లేవకుండా నిద్రపోయింది.

ఇవతల షాపులో మా పరిస్థితి చెప్పుకోవాలి. సెలవు మీద ఇంటికొచ్చినవాళ్ళు గడువులోగా తిరిగి అక్కడ కాలు పెట్టకపోతే వాళ్ళ పర్మిటు చచ్చిపోతుంది, మళ్ళీ వీసా, మళ్ళీ ఏజెంటు, అంతా మొదటికొస్తుంది. విమానాలు ఆగిపోయాయని తెలిసి ఒక్కొక్కళ్ళే పెట్టెలతో సహా మా గుమ్మంలో చేరారు. మిగతా కంపెనీల్లో సీట్లు లేవు. మావారు హైదరాబాదు ఆఫీసుకి ఫోను మీద ఫోను చేస్తూనే ఉన్నారు, అది మోగి మోగి ఆగిపోతూనే ఉంది. వచ్చినవాళ్ళలో అంతర్వేది దగ్గర నుంచి ఒకావిడ ఉండేది, కువైట్‌లో ఎవరింట్లోనో వంటమనిషి, భర్త లేడు, ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వెళ్ళేది. మలికిపురం నుంచి వచ్చిన డ్రైవరు ఒకతను, మస్కట్‌లో కంపెనీ బస్సు నడిపేవాడు. ఇద్దరికీ గడువు దగ్గర పడింది. ఆవిడ మా అరుగు మీద పెట్టె పక్కన పెట్టుకుని కూర్చునేది. అతను మాత్రం గుమ్మం ముందు పులిలా తిరిగేవాడు.

ఆ వేళ మధ్యాహ్నం షాపు ముందు జనం రోడ్డు దాకా నిండిపోయారు. డ్రైవరు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, "పొద్దున్న రమ్మంటారు, సాయంత్రం రమ్మంటారు. ఎన్నాళ్ళు తిప్పుతారండీ మమ్మల్ని" అన్నాడు. కంపెనీవాళ్ళు ఫోనెత్తట్లేదండీ, నా చేతుల్లో ఏముందండీ అని మావారు దణ్ణం పెడుతున్నట్టే చెప్పారు. అప్పుడు వెనకనుంచి ఎవరో గోడమీది ఫొటో చూపించి, "ఆవిడ ఈయన చెల్లెలేనండీ. పంటు దిగుతుంటే నేను చూసేను. విమానాలాపేసి, ఇక్కడ అన్నగారింట్లో కూర్చుంది" అన్నాడు.

ఆ మాటతో జనంలోంచి ఒక హోరు పుట్టింది. సోడా సీసా ఒకటి వచ్చి ఫొటో పక్కన గోడకి తగిలి పగిలింది. డ్రైవరు కౌంటరు ఎక్కేశాడు. కంపెనీవాళ్ళు బల్ల మీద పెట్టుకోమని ఇచ్చిన బొమ్మ విమానం ఒకటుండేది, ఇనప కాడ మీద నిలబెట్టిన రేకు విమానం, అది చేతికందింది. దాంతో ఒక్క పోటు పొడిచాడు. రెక్క మావారి ఎడమ కంట్లో దిగింది. కొబ్బరికాయని గునపానికి గుచ్చినప్పుడు పీచు చిరిగే చప్పుడు మనందరికీ తెలుసు, అలాంటి చప్పుడు మనిషి మొహంలోంచి వినడం నాకు అదే మొదలు. ఆయన కేక కూడా వెయ్యలేదు, మొహం చేతుల్లో పెట్టుకుని నెమ్మదిగా కిందికి జారిపోయారు, వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారింది. నేను కొంగు చుట్టి అదిమి పట్టుకున్నాను. మా చుట్టూ కుర్చీలు విరుగుతున్నాయి, టైపు మిషను రోడ్డు మీద పడిన మోత వినిపించింది, ఖాళీ టిక్కెట్ల కట్టలు బయట తగలబెట్టారు, ఆ పొగ లోపలికి వచ్చింది.

మా ఆడపడుచు వెనక వాటా తలుపు తీసుకుని వచ్చింది. వద్దని తల అడ్డంగా ఊపాను, అదిమి పట్టుకున్న కొంగు మీంచి చెయ్యి తియ్యలేకపోయాను.

"మా అన్నయ్యని వదిలెయ్యండి. విమానాలు ఆపినవాళ్ళలో నేనున్నాను. కొడితే నన్ను కొట్టండి" అంది.

ముందు లేచింది డ్రైవరు కాదు, అరుగు మీద కూర్చునే ఆ వంటావిడ. వచ్చి, చెంప పగిలేలా కొట్టింది. "నీకు నిద్ర చాల్లేదని నా పిల్లల నోటికాడ కూడు లాగేస్తావా" అని జుట్టు పట్టుకుని వంచి గుమ్మం దాకా ఈడ్చింది. మా ఆడపడుచు చెయ్యెత్తలేదు, అడ్డు చెప్పలేదు. అంతలో డ్రైవరు కౌంటరు మీంచి దూకి వచ్చి, నేల మీద పడున్న ఆ పిండికట్టు చేతి మీద బూటు కాలితో తొక్కాడు. పిండికట్టు పగిలింది. అప్పుడు అరిచింది మా పిల్ల.

ఆ అరుపుకి వంటావిడ జుట్టు వదిలేసింది. ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. గోడకి చేరేసి ఉన్న షట్టరు లాగే ఇనప కొక్కెం తీసుకుని, "విరిగిన చేతి మీద తొక్కుతావేరా" అంటూ మోకాలి కింద కొట్టింది. అతను కూలబడ్డాడు. భుజం మీద ఇంకోటి వేసింది. అతని తాలూకు మనుషులు ఆవిడ మీద పడ్డారు, ఆవిడ కొక్కెం వదల్లేదు, ఎవరి చెవో తెగింది, ఎవరి చొక్కానో చిరిగింది. పోలీసు జీపు వచ్చేసరికి గుమ్మంలో ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియకుండా ఉంది. వాళ్ళూ అడగలేదు. అందినవాళ్ళని అందినట్టు బాదారు. వంటావిడ నెత్తి చిట్లింది.

ప్రభుత్వాసుపత్రిలో మంచాలు చాలక అందర్నీ ఒకే వరండాలో పడుకోబెట్టారు. మావారిని రాజమండ్రి కంటాసుపత్రికి తీసుకెళ్ళడానికి కారు కోసం కబురంపి, నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగడుగుల అవతల డ్రైవరు కాలికి బద్దలు కట్టించుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. వంటావిడ కుట్లు వేయించుకుని వచ్చి, మా ఆడపడుచు పక్కన నేల మీద చతికిలబడింది. తప్పయిపోయిందని అనలేదు. మా పిల్ల విరిగిన చేతికేసి చూస్తూ అడిగింది.

"మీరు పని మానేస్తే పాస్‌పోర్టు లాక్కోరా అండీ."

"లాక్కోరండీ. ఉద్యోగం తీసేస్తారు."

"అంతేనాండీ" అని ఆవిడ తన జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి పైన ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ. జ్వరంగా ఉండి ఒక్కపూట పడుకుంటే ఆ ఇంటావిడ చేసిన పని అది. "ఆ ఇంట్లో నేనొక్కదాన్నేనండీ. ఇంకో మనిషి తోడుంటే నేనూ మానేసేదాన్నేమో. అంతమంది ఒక్కమాట మీద ఎలా ఉన్నారండీ మీరు."

మా ఆడపడుచు "ఉండలేదండీ. అప్పుడే సగంమంది వెళ్ళి పనిలో చేరిపోయేరు" అంది.

ఆవిడ తన కొంగు తడిపి మా పిల్ల చెంప మీద, తను కొట్టిన చోటే, అద్దింది. "అయినా నేను అక్కడికే వెళ్ళాలండీ. ఇంకెక్కడికి వెళ్తాను" అంది, తనలో తను అనుకున్నట్టు.

తర్వాత జరిగినదంతా ఒకదాని వెనక ఒకటి జరిగిపోయింది. రాజమండ్రిలో కన్ను తీసేశారు. సమ్మె విరిగిపోయి విమానాలు ఎగిరాయి, మళ్ళీ పనిలోకి తీసుకోని కొద్దిమందిలో మా ఆడపడుచు ఒకతె, చెయ్యి కొంచెం వంకరగానే అతికింది, కంపెనీ కూడా ఆ తరవాత ఎంతోకాలం నడవలేదు. మావారు దేవుడేం కాదు, కోర్టులో డ్రైవర్ని వేలు పెట్టి చూపించారు, అతను జైలుకి వెళ్ళాడు. వంటావిడ పర్మిటు పోయింది. మేం రాజమండ్రిలో ఉన్నన్నాళ్ళూ ఆవిడే మా ఇంట్లో ఉండి మా ఆడపడుచుకి తల దువ్వి, అన్నం వండి పెట్టింది. అవసరం కోసం చేసిందో, ప్రేమ కొద్దీ చేసిందో నేను అడగలేదు. తరవాత దుబాయ్‌లో పని దొరికింది, ఆ టిక్కెట్టు నేనే రాశాను. వెళ్ళాక ఓ రెండుసార్లు కబురంపింది, ఆ పైన ఏమైందో తెలియదు.

డ్రైవరు జైలు నుంచి వచ్చాక ఒకరోజు మా షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను ఇనప కొక్కెం ఉన్న మూలకి జరిగాను. అతను మావారి మొహం వైపు చూడకుండా, కొత్త వీసా కాగితాలు కౌంటరు మీద పెట్టి టిక్కెట్టు కావాలన్నాడు. మావారు నా వైపు తిరిగి రాయమన్నట్టు తలూపారు. రాశాను, అడుగు కాగితం దాకా దిగిందో లేదో చూసే ఓపిక లేకపోయింది. టిక్కెట్టు అందుకుని, వెళ్ళబోతూ ఆగి, "ఈ కంపెనీకి సమ్మె గట్రా ఏమీ లేదు కదండీ" అని అడిగాడు.

"ఇవాల్టికి లేదండీ" అన్నారు మావారు.

"ఆయ్" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజులు బంగారు రోజులని నేను అనను. మావారు పోయేదాకా ఒంటి కంటితోనే పేపరు చదువుకున్నారు, మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకునేవారు. కానీ ఇప్పుడు చూస్తున్నది నాకు అంతకంటే భయంగా ఉంది. టిక్కెట్లు ఫోన్లోకి వెళ్ళిపోయాయి, మా షాపులో ఎవరో సెల్‌ఫోన్ తొడుగులు అమ్ముకుంటున్నారు. మా పక్కింటి కుర్రాడు దోహాలో పనిచేస్తాడు. పోయిన నెల తిరిగి వెళ్ళాల్సిన వేళకి, సిబ్బంది కొరత వల్ల మీ విమానం రద్దయింది, విచారిస్తున్నాం అని ఫోనుకి ముక్క వచ్చిందట. కంపెనీకి ఫోను చేస్తే మనిషి పలకలేదట, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని మర చెబుతూనే ఉందట. నాకు ముందు గోడకేసి ఏదో విసిరి కొట్టిన చప్పుడు వినిపించింది, తరవాత అతని పెళ్ళాం ఏడుపు. చెప్పులేసుకుని వెళ్ళి తలుపు తట్టాను. అతని పెళ్ళానికి పెదవి చిట్లి ఉంది. అతను పగిలిన ఫోను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని, "ఎవర్ని అడగనండీ పిన్నిగారూ" అన్నాడు.

ఆ పిల్లని ఆ పూటకి మా ఇంటికి తీసుకొచ్చేశాను గానీ, అతనికి మాత్రం ఏమీ చెప్పలేకపోయాను. వెనకటి రోజుల్లో మా దగ్గరా జవాబు ఉండేది కాదు. వచ్చి అడగడానికి ఒక గుమ్మం మాత్రం ఉండేది.