డాన్యూబ్‌లో నువ్వుల నీళ్లు

పోయిన వేసవిలో మా అక్క చనిపోయింది. తల్లి లేని నన్నూ అన్నయ్యనూ గోదావరి లంకలో పెంచిన అక్క. ఆ కబురు వచ్చేసరికి నేను మస్కట్‌లో పనిచేసే ఇంట్లో యూరప్ ప్రయాణానికి పెట్టెలు సర్దుతున్నాను. ఊరికి పంపమని మేడమ్‌ని అడిగాను. చంటిపిల్లను చూసేవాళ్లు లేరు, తిరిగొచ్చాక చూద్దాం అంది. నా పాస్‌పోర్టు ఆవిడ దగ్గరే ఉంది. వంటింట్లోంచి పిడికెడు నువ్వులు మూటగట్టుకున్నాను. నల్లవి లేవు, రొట్టెల మీద చల్లే తెల్లవే గతి.

వియన్నాలో చూసిన డాన్యూబ్‌కి మా గోదారంత వెడల్పు లేదు. నీలంగా ఉంటుందని అందరూ అన్నారు, అదీ అబద్ధమే. అయినా నది నదే. పిల్లను మేడమ్ చేతికిచ్చి, చెప్పులు విడిచి, మెట్లు దిగాను. దోసిట్లో నువ్వులూ నీళ్లూ పట్టి, అక్క పేరు చెప్పి మూడుసార్లు వదిలాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఏం చేస్తున్నావని మేడమ్ అడిగితే, మీకు నమాజు ఎలాగో నాకిది అలాగని హిందీలో చెప్పాను. ఆవిడ పిల్లను ఎత్తుకుని ఎండలో అలాగే నిలబడింది.

అడ్డం పడింది నా సొంత అన్నయ్య. మస్కట్ వచ్చాక ఒక శుక్రవారం సెలవు దొరికితే మత్రా సముద్రపు ఒడ్డున కూర్చుని ఫోన్‌లో చెప్పాను. ఆడవాళ్లు నువ్వుల నీళ్లు వదలకూడదన్నాడు. పైగా పరాయి దేశపు నది, అక్కకి అందదన్నాడు. చుట్టాలు నవ్వుతారు, ఎక్కడా నోరెత్తకు అన్నాడు. బుద్ధెరిగాక అన్నయ్యకి ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది.

గోదారికి వెళ్లే తీరిక లేని రోజుల్లో అక్క మాకు బోరింగు దగ్గరే స్నానం చేయించేది. మొదటి చెంబు పోసేటప్పుడు గంగమ్మా, గోదారమ్మా అని పిలిచేది, మా చేత కూడా పిలిపించేది. అన్నయ్యకి ఆ అలవాటు ఇంకా పోలేదు.

"అన్నయ్యా, పొద్దున్నే బకెట్లో నీళ్లని గోదారమ్మా అని పిలుస్తావు గదా. నీ బకెట్లోకి వచ్చే తల్లి, అంత పెద్ద నదిలోకి రాదేంటి?"

అన్నయ్య మళ్లీ చుట్టాల మాటే ఎత్తాడు.

"అక్కకి అందింది. నేను అందరికీ చెప్తాను. నవ్వేవోళ్లని నవ్వుకోమను."

ఫోన్ పెట్టేశాను. మిగిలిన నువ్వులు ఇంకా నా పర్సులోనే ఉన్నాయి. చెప్పులు విడిచి, అన్నయ్య వద్దన్న పని సముద్రంలో మళ్లీ చేశాను. ఈసారి ఏడుపు రాలేదు.