చెవిపోటుకు బీడీ పొగ

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పొగ తాగితే ఏమవుతుందో ఇవాళ చిన్న పిల్లలకు కూడా తెలుసు... ఈ ముసలాడు కొత్తగా చెప్పేదేముంది? కానీ పొద్దుటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మూడుసార్లు చాయ్ తాగాను, రెండుసార్లు ఊరికే వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. రాసేస్తే నెమ్మదిస్తుందేమో.

మా చిన్నప్పుడు... మాదన్నపేటలో మా గల్లీలో ఏ పిల్లకు చెవిపోటు వచ్చినా మా ఇంటికే ఎత్తుకొచ్చేవారు. మా బాపు బీడీ ముట్టించి, గట్టిగా ఒక దమ్ము లాగి, కాగితం గొట్టంలోంచి ఆ పొగను చెవిలోకి మెల్లగా ఊదేవాడు. వెచ్చగా ఉండేది. పిల్ల ఏడుపు ఆపేది. అదే వైద్యం, అదే మా గల్లీ దవా!

బాపు పని పుస్తకాలకు జిల్దులు కట్టడం... అంటే కాగితాలు కుట్టి అట్టలు వేయడం. అచ్చు చెడిపోయిన కాగితాలు ఇంటికి తెచ్చేవాడు. నేను బడికి పోయింది తక్కువ, చదువు నేర్చుకుంది ఆ కాగితాల మీదే. పొగాకు మన మొక్కే కాదని, ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, ఓడలెక్కి వచ్చి, దర్బారుల్లో హుక్కాల్లోకి దూరి, అక్కడి నుంచి ఊరూరా పాకిందని ఒక కాగితంలో చదివాను. మొదట్లో దాన్ని మందనే అనుకున్నారట! ఆ తర్వాత ఏమైందో ఇంకో కాగితంలో ఉండాలి. ఆ కాగితం అచ్చు బాగానే పడ్డట్టుంది... మా ఇంటికి రాలేదు.

సరే, దారి తప్పాను.

ఒక ఏడు వానాకాలంలో బాపుకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. దవాఖానాలో డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "బీడీ బంద్ చెయ్యి. లేకుంటే నీ ఊపిరే బంద్ అయితది" అన్నాడట. ఇంటికి రాగానే అమ్మ బీడీకట్టలన్నీ పొయ్యిలో వేసింది. ఒక్క కట్ట మాత్రం బియ్యం డబ్బాలో దాచింది... పిల్లల చెవుల కోసం. ఏడ్చే పిల్లను ఉత్తగా వెనక్కి పంపడం ఆమెకూ చేతకాదు.

బీడీ లేని బాపును చూడటం మాత్రం నాకు చేతకాలేదు. గడప నుంచి వాకిట్లోని నీళ్ళ నల్లా దాకా, నల్లా నుంచి గడప దాకా... ఒకటే తిరుగుడు. అగ్గిపుల్లలు విరిచేవాడు. అన్నం సగంలో లేచేవాడు. కుట్టిన పుస్తకం విప్పి మళ్ళీ కుట్టేవాడు. ఆయన తిరుగుతుంటే నాకూ కాలు నిలిచేది కాదు.

అట్లాంటి రోజుల్లో పక్కింటి ముసలామె, మేమంతా ఖాలా అని పిలిచేవాళ్ళం, మనవరాలిని చంకనేసుకుని వచ్చింది.

"భాయ్, జర చూడు. సుబే సే రో రహీ, పొద్దుగాల్నుంచి ఏడుపే, చెవి పట్టుకొని ఒకటే లొల్లి!"

అమ్మ డబ్బా మూత తీసి ఒక్క బీడీ ఇచ్చింది. బాపు ముట్టించాడు... ఆ ముఖం చూడాలి! బిగిసిన భుజాలు దిగిపోయాయి. పిల్ల చెవిలోకి పోయింది ఒక్క ఊదు. మిగతా బీడీ అంతా బాపు లోపలికి పోయింది.

"దవా ఖరాబ్ చేయొద్దు గదా" అన్నాడు, అమ్మ వైపు చూడకుండా.

మరునాడు నాకు కుడి చెవి పోటు వచ్చింది. నిజంగా రాలేదు... కానీ చెవి పట్టుకుని బాగానే ఏడ్చాను. రెండు రోజులకు ఎడమ చెవి. ఆ వారంలోనే నాలుగుసార్లు. బాపుకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

అయిదోసారి అమ్మ నా ముందు కూర్చుంది.

"గిప్పుడు ఏ చెవిరా?"

"కుడిది."

"కుడిది నిన్ననే మంచిగైంది గదరా!"

అయినా లేచి బీడీ తీసింది. బాపు చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. పొగ వాసనకే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే మా అమ్మ, ఆ బీడీని తన పెదాల మధ్య పెట్టుకుని, పొయ్యిలో కట్టె తీసి ముట్టించింది.

"ఏందే గది! బీడీ తాగుతవా? గల్లీల ఇజ్జత్ పోతది!" అన్నాడు బాపు.

"నువ్వు తాగితే దవా, నేను తాగితే ఇజ్జత్ పోతదా? ఊదుడే గదా, నేనే ఊదుత. నీ ఊపిరి నువ్వు దాసుకో."

లాగింది. పొలమారింది. కళ్ళ నుంచీ ముక్కు నుంచీ నీళ్ళు... అట్లాగే నా చెవి పట్టుకుని ఊదింది. మళ్ళీ లాగబోయింది. నేనిక తట్టుకోలేకపోయాను.

"అమ్మా, వద్దే! నాకు నొస్తలేదు! ఒక్కసారి గూడ నొయ్యలే!"

అమ్మ నన్ను చూడలేదు. బాపును చూసింది.

"నీకెర్కేనా?"

బాపు చేతిలో ఉన్న అగ్గిపుల్ల విరిచాడు.

"మొదటి దినమే ఎర్కైంది" అన్నాడు.

బాపు ఆ తర్వాత ఎక్కువ ఏళ్ళు లేడు. చివర్లో ఒక మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేవాడు. నా నాలుగు బీడీల వల్లే పోయాడని అనను... కానీ అవి మాత్రం నేను తాగించినవే.

ఇప్పుడు చెవిలో పొగ ఊదేవాళ్ళు లేరు, మంచిదే. సిగరెట్టు పెట్టె మీదే జబ్బు బొమ్మ వేసి మరీ అమ్ముతున్నారు. ఆ బొమ్మను బొటనవేలితో మూసి పట్టుకుని ముట్టించే కుర్రాళ్ళను పాన్ డబ్బా దగ్గర చూస్తే, ఏదో ఒకటి అనాలని నాలుగడుగులు వేసి... మళ్ళీ తిరిగొస్తాను. మీ ఇళ్ళలో కూడా పొగ మందుగా చెలామణి అయిందా? ఎవరు తాగారు, ఎవరు తాగించారు... రాయండి, చదువుతాను.

అమ్మ బీడీ ముట్టించిన మరునాటి సంగతి ఒకటి మిగిలింది. ఖాలా మళ్ళీ మనవరాలిని తెచ్చింది. అమ్మ ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, పిల్ల చెవికి కాపడం పెట్టి పంపించింది. బాపు కాసేపు చూశాడు. చొక్కా తొడుక్కుని అంగడికి వెళ్ళాడు. గంట తర్వాత వంకాయలు పట్టుకుని వచ్చాడు. అమ్మ వంకాయలు తీసుకుని, చొక్కా విప్పమంది. విప్పి ఇచ్చాడు. వాసన చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, బాల్టీలో నానేసింది.