వాపు దిగాక తీద్దువులే

కిడ్నీలు పోయిన మా ఆయన్ని కవిటి నుంచి పలాసకు డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాను. బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్ళో చిన్న కెమెరా ఉంది.

"ఏటమ్మా, సెల్లు సాల్లేదేటి?" అన్నాను.

"సరదాకి నేర్చుకుందామని, పిన్నీ. మిర్రర్‌లెస్ కెమెరాల్లో తక్కువ ధరది ఇదే. నొక్కకముందే ఫొటో ఎలా వస్తుందో తెరమీద కనిపిస్తుంది. అందుకే కొన్నాను."

"అయితే మా ఆయన్ని ఒకటి తియ్యి. ఇంట్లో ఫొటో ఒక్కటీ నేదు."

ఆ అమ్మాయి కెమెరా ఆయనకేసి పెట్టి, తెరని కూడా ఆయన వైపే తిప్పింది. ఉబ్బిపోయిన తన ముఖాన్ని ఆయన కాసేపు చూసుకున్నాడు.

"బాగున్నావని రోజూ సెప్తన్నావు కదే!" అన్నాడు నాతో. "ఒద్దమ్మా, వాపు దిగాక తీద్దువులే."

అమ్మాయి కెమెరా దించేసింది.

ఆ వాపు దిగనేలేదు. ఆయన పోయాక ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించి గోడకు పెట్టాం. ఆరోజు నొక్కెయ్యమని నేనైనా చెప్పాల్సింది. వాచినా అది ఆయన ముఖమే.