ఇంటికి పోతనంటుంది సార్

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు ఈ మాట నోటిదాకా వచ్చి తొమ్మిదేళ్లుగా వెనక్కి పోతూనే ఉంది. మా ఆయనకు చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకు ఎలాగూ తెలుసు కదా అని తప్పించుకున్నాను. నేను మోస్తున్నది ఒక అబద్ధం. చాలా చిన్నది. ఏళ్లు గడిస్తే బరువు తగ్గుతుందని ఎవరో అన్నారు గానీ, వాళ్లు మోసి చూసినట్టు లేరు.

నేను నర్సును. ఇప్పుడు వికారాబాద్‌లో పని చేస్తున్నాను. అప్పుడు తాండూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉండేదాన్ని. పేరు చెప్పను. ధారూర్‌లో పొద్దున రైలెక్కి డ్యూటీకి వెళ్లేదాన్ని. ఆరో నెల కడుపు. కాళ్లు వాచేవి. వంగితే నడుము పట్టేసేది.

ఆ వార్డులో అంజమ్మ ఆయాగా చేసేది. పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. రెండు వార్డులకూ ఆమె ఒక్కతే. నన్ను చెల్లె అని పిలిచేది. నేను మంచం మీది మనిషిని ఎత్తబోతే చెయ్యి పట్టుకుని పక్కకు జరిపి, తనే ఎత్తేది. పచ్చడి తెచ్చి పెట్టేది. చెడ్డ మనిషి అని రాస్తే నాకు సులువుగా ఉండేది. ఆమె చెడ్డది కాదు, అలసిపోయి ఉండేది. అలసట మనిషి చేత ఏం చేయిస్తుందో నేను కళ్లారా చూశాను. చూసి ఊరుకున్నాను.

శరణవ్వ అనే పెద్దామెను ఆమె కొడుకు కర్ణాటకలోని సేడం దిక్కు పల్లె నుంచి తెచ్చి చేర్పించాడు. పక్షవాతం. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది, కానీ వచ్చేది, కన్నడలో. కొడుకు తాండూరులోనే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. రోజంతా తల్లి దగ్గర కూర్చునే వీలు లేదు. సాయంత్రం బట్టల నిండా రాతిపొడితో వచ్చి కాసేపు కూర్చుని పోయేవాడు. మా అమ్మమ్మది దౌల్తాబాద్ అవతల, సరిహద్దు దాటాక వచ్చే కన్నడ పల్లె. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిపినందువల్ల నాకు కన్నడ వచ్చు. వార్డులో ఇంకెవరికీ సరిగా రాదు. అది విని ఆ కొడుకు ముఖం వెలిగిపోయింది. నాకూ గర్వంగానే అనిపించింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో రోజుకి సెలైన్ ఆపేశారు, నోటితో తాగగలుగుతోందని. మూత్రం పైపు కూడా తీసేశారు. ఇక ఎవరైనా తాగిస్తేనే ఆమెకు నీళ్లు. తాగితే పక్క తడుస్తుంది. తడిస్తే దుప్పట్లు మార్చాలి, ఆమెను పక్కకు తిప్పాలి, తుడవాలి. ఆ పని అంజమ్మది. అంజమ్మ లేకపోతే నాది.

పక్క తడవడం ఆగిపోయింది.

నేను గమనించలేదా? గమనించాను. నా చదువే అది. నాలుక బెరడులా ఎండిపోయి ఉంది. పెదాలు పగిలాయి. మూత్రం పోస్తే కొద్దిగానే, అదీ ముదురు రంగులో. మంచం పక్క బల్ల రోజూ ఒక అడుగు దూరం జరిగి ఉండేది, ఆమె కుడిచెయ్యి గ్లాసుకు అందనంత దూరం. ఆ కుడిచేతి మీద ఎర్రగా కమిలిన మచ్చ. ఒకసారి అంజమ్మను అడిగాను కూడా. అడిగినట్టు కాదు, ఊరికే అన్నట్టు. ఆమె దాచలేదు. "నీళ్లు తాగితే పోస్తది చెల్లె. పోస్తే ఎవలు ఎత్తాలె? నువ్వు గీ కడుపుతోని వంగుతవా?" అంది. నా మీద ప్రేమతోనే అంది. నేను నవ్వాను. చార్టులో, తాగిన నీళ్లు అన్న చోట, ఆమె తాగని నీళ్లు రాశాను.

ఆ మర్నాడు పొద్దున డాక్టరు రౌండ్స్‌కు వచ్చాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. మంచివాడు, మంచం దగ్గర నిలబడి అడిగేవాడు. అంజమ్మ కాళ్ల వైపు తుడుపు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. శరణవ్వ డాక్టరును చూడలేదు. నన్ను చూసింది.

"యవ్వా, నీర కొడంగిల్ల. కేళిదర హొడీతాళ."

నీళ్లియ్యదు, అడిగితే కొడుతుంది అని. ప్రతి ముక్కా అర్థమైంది నాకు.

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఏమంటోంది సిస్టర్? నీరు అంటోంది, దాహమా?"

అంజమ్మ నా ముఖంలోకి చూసింది. బతిమాలుతున్నట్టు కాదు. భయం. ఆ క్షణం నాకు ఏం గుర్తొచ్చిందో దాచకుండా చెప్పాలి. అంజమ్మను పనిలోంచి తీసేస్తారని గుర్తొచ్చింది. ఆమె పోతే ఈ మంచాలన్నీ నేనే ఎత్తాలని గుర్తొచ్చింది. చార్టులో నా చేతిరాత గుర్తొచ్చింది. శరణవ్వ మాత్రం గుర్తు రాలేదు, ఎదురుగానే ఉన్నా.

"నీళ్లు ఇప్పుడే తాపిన సార్. ఇంటికి పోతనంటుంది."

ఆయన ఆమె భుజం తట్టాడు. "పంపిస్తాంలే అవ్వా, తొందరేముంది" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు. సరిహద్దు పల్లె మనిషి కదా, ఆమెకు తెలుగు కొద్దిగా తెలిసే ఉంటుంది. నేనేం చెప్పానో అర్థమైంది. నన్ను తిట్టలేదు. ఏడవలేదు. కళ్లు నా మీంచి తీసి గోడ వైపు పెట్టుకుంది. తర్వాత నాతో ఒక్క కన్నడ మాట మాట్లాడలేదు.

డ్యూటీ దిగే ముందు, అంజమ్మ అటు వెళ్లినప్పుడు, ఒక గ్లాసు తాగించాను. ఆగకుండా తాగింది. గొంతు కదులుతుంటే చూడలేక కిటికీ వైపు చూశాను. అప్పట్లో ఆ గ్లాసును నా మంచితనం అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, నాకు వ్యతిరేకంగా నిలబడే సాక్ష్యం అదే. తెలియదని అనడానికి వీల్లేకుండా చేసింది. తెలియనివాళ్లు దొంగచాటుగా నీళ్లు తాగిస్తారా?

నాలుగు రోజులకు జ్వరం, తెలివి తప్పడం. కిడ్నీలు దెబ్బతిన్నాయని హైదరాబాద్‌కు పంపారు. అక్కడ మూడో రోజు పోయింది. వయసు అన్నారు, పక్షవాతం అన్నారు. నీళ్లు తాగించి ఉంటే బతికేదా? ఈ ప్రశ్న వేల సార్లు వేసుకున్నాను, జవాబు రాలేదు. అయితే తాగించి ఉంటే, పోయేముందు ఆమె దాహంతో ఉండేది కాదు. ఈ సంగతికి జవాబు వెతకనక్కర్లేదు.

అంజమ్మా నేనూ దీని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నా బిడ్డ పుట్టాక చూడ్డానికి వచ్చింది. ఎత్తుకుని ముద్దాడింది. మోకాళ్లు అరిగి పని మానేసిందని తర్వాత విన్నాను. ఆ డాక్టరు ఎక్కడికో వెళ్లిపోయాడు. ఆ రోజు ఆ మంచం చుట్టూ ఉన్నవాళ్లలో ఈ చుట్టుపక్కల ఇంకా అదే పని చేస్తున్నది నేనే. కొత్త నర్సులకు పాఠం కూడా నేనే చెబుతున్నాను: మంచాన పడ్డ మనిషి ఒంటి మీద ఏం చూడాలి, ఎవరికి చెప్పాలి. బాగా చెబుతానని పేరు.

పోయిన నెల తాండూరు బస్టాండులో శరణవ్వ కొడుకు కనిపించాడు. నేను తప్పుకునేలోపే గుర్తుపట్టాడు. పక్కన భార్య ఉంటే పిలిచి చూపించాడు. "మా అవ్వకు ఆఖరి దినాల్ల మన మాట తెలిసిన సిస్టర్ దొరికింది. గదొక్కటే నాకు తృప్తి" అన్నాడు. ఆమె నాకు దండం పెట్టింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. బస్సొచ్చింది. నిజానికి బస్సు ఇంకో పది నిమిషాలు అక్కడే ఆగి ఉంది. అతని తృప్తి లాక్కోకూడదని అనుకున్నాను. ఇది జాలా, లేక మళ్లీ అదే పిరికితనమా? రెండోదేనేమో.

అందుకే మీకు రాస్తున్నాను. క్షమించమని కాదు, మీరు క్షమిస్తే పోయేది కాదిది. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

నీరు అన్న మాట డాక్టరుకు వినబడింది. అతనికి అర్థమైంది. దాహమా అని అడిగాడు. నాకు కన్నడ రాకపోయి ఉంటే, ఆ గ్లాసు అతనే అందించేవాడు.