వంగి చూడాల్సిన బొమ్మలు

తవిటయ్య వేసిన మొక్కల బొమ్మ చూడాలంటే ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. ఏ ప్రదర్శనకి తెచ్చినా, ఎంత పెద్ద గోడ ఇచ్చినా, ఆయన తన బొమ్మల్ని నేల నుంచి మూడడుగులకి పైన కట్టడు. పైన గోడంతా ఖాళీ. కింద, చీపురు తగిలే చోట, పనస, గన్నేరు, ఉమ్మెత్త, అడవి ఆముదం వరసగా వేలాడుతుంటాయి.

వింతేమిటంటే ఈయన బతుకంతా నిచ్చెన మీదే గడిచింది. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా జీడిపప్పు కొట్లకి బోర్డులు రాసిందీ, డొంకూరు పడవలకి పేర్లు పెట్టిందీ ఆయన కుంచే. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పడుకున్నాక, ఉద్దానం తోటల్లో చాప పరుచుకుని నీటిరంగులతో మొక్కలు వెయ్యడం మొదలుపెట్టాడు. పురుగు కొరికిన కన్నం కూడా వదిలేవాడు కాదు.

ఎందుకింత కిందికి కడతావని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాడు. వ్యవసాయాఫీసరుకి పైన గాలెక్కువని చెప్పాడు. బడి పంతులుకి మోకాళ్ళ నొప్పులని చెప్పాడు. సొంత బావమరిది అప్పలస్వామికైతే, వేర్లు నేలకి దగ్గరగా ఉంటే మొక్క బెంగెట్టుకోదని చెప్పాడు. అప్పలస్వామి ఇంటికెళ్ళి ఆలోచించి ఆలోచించి నాలుగో రోజు తిరిగొచ్చాడు.

"కాయితానికి బెంగేటి బావా?"

"మూడు దినాలు పట్టిందేటి నీకు?" అన్నాడు తవిటయ్య.

టెక్కలి ప్రదర్శనలో ఒక మేక లోపలికి దూరి పనసాకు బొమ్మ సగం తినేసింది. నిర్వాహకులు పరుగున వచ్చేసరికి తవిటయ్య మేకకి దణ్ణం పెడుతున్నాడు. ఇన్నేళ్ళూ ఇంతమంది జడ్జీలు చూశారనీ, అది ఆకేనని నమ్మింది ఈ మేకొక్కటేననీ ఆయన వాదన. మిగిలిన సగం ఇంట్లో పటం కట్టించుకున్నాడు. ఇచ్ఛాపురంలో ఒక అధికారి కొత్త ప్యాంటుతో గొంతుక్కూర్చుని బొమ్మలన్నీ మెచ్చుకున్నాడు గానీ, లేచేటప్పుడు ఏదో పర్రుమన్న చప్పుడైంది. తర్వాతి ఉపన్యాసమంతా ఆయన గోడకి వీపు ఆనించే ఇచ్చాడు. పెద్దవాళ్ళ చేత వంగి దణ్ణాలు పెట్టించుకోవడం ముసలాడికి సరదా అని జనం తేల్చేశారు.

ఇందుమతీ అలాగే అనుకుంది. ఆమె టెక్కలిలో కాలేజీ పిల్లలకి బోటనీ చెబుతుంది. 2006లో పలాసలో జరిగిన ఉద్యాన ప్రదర్శనలో చిత్రాల విభాగం ఆమె నెత్తిన పడింది. ఎమ్మెస్సీ చదివిన తల్లి కావడంతో ఏ మొక్కని చూసినా ఆమెకి పువ్వు కంటే ముందు విషం కనిపిస్తుంది. కూతురు మోహినికి మూడేళ్ళు నిండాయి. పిల్ల పెరట్లో ఆడుకుని వస్తే నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూసేది. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేక వెంట తెచ్చుకుంది. పొద్దున్నించీ ఒక కన్ను బొమ్మల మీద, ఇంకో కన్ను పిల్ల మీద. పిల్ల మాత్రం తవిటయ్య పక్కన చతికిలబడి, ఆయనేదో చెబుతుంటే నోరు తెరుచుకుని వింటోంది.

పదకొండింటికి జడ్జి వచ్చాడు. రిటైరైన ప్రొఫెసరు, నడుముకి బెల్టు. బొమ్మలు బాగున్నాయో లేదో తాను చెప్పలేననీ, తనకి కనపడితే కదా అనీ అన్నాడు. కళ్ళద్దాలు ముందుకి జరిపి చూసినంత మేర ఒక్క శాస్త్రీయ నామం లేదట. పైగా ప్రతి బొమ్మ మూలా ఒక చంటిపిల్ల మొహం. పనస కింద నవ్వుతోంది, గన్నేరు కింద కళ్ళు మూసుకుని నాలుక బయటపెట్టింది. ఇది ఉద్యాన ప్రదర్శనా, పిల్లల పత్రికా అని అడిగి, మూడింటికి మళ్ళీ వస్తాననీ, అప్పటికి ఐదడుగుల ఎత్తున లేకపోతే పోటీలోంచి తీసేస్తాననీ చెప్పి వెళ్ళాడు.

ఇందుమతి తవిటయ్యని బతిమాలింది. ఆయన అంతా విని, గోడ పైభాగం చెమ్మగా ఉందన్నాడు.

"చెమ్మ కిందే ఉంటుంది తవిటయ్య గారూ."

"సదూకున్నదానివి, నీతో పేచీ ఏటమ్మా" అని ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

చేసేది లేక తనే స్టూలెక్కి ఒక్కో బొమ్మా విప్పి పైన కట్టసాగింది. నాలుగోది కట్టి కిందికి చూసేసరికి మోహిని లేదు.

గులాబీ కుండీల మధ్య లేదు. బల్లల కింద లేదు. తిరిగి తిరిగి చివరి వరసకి వచ్చి ఆగిపోయింది.

అక్కడ రెండు దుకాణాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి సీతారత్నం జీడిపప్పు దుకాణం. వచ్చిన పిల్లకల్లా చేతిలో పప్పు పెట్టడం పలాసలో మర్యాద. రెండోది ఢిల్లీరావు నర్సరీ. ఆ ఏడు ఎక్కడ చూసినా డీజిలు చెట్టు మాటే. డీజిలు చెట్టంటే మరేం కాదు, అడవి ఆముదం. గింజలో నూనె ఎంతుందో రైతులకి చూపడానికి అతను పెంకులు ఒలిచి, తెల్లటి పప్పు స్టీలు పళ్ళెంలో పోసిపెట్టాడు. పళ్ళెంలో తెల్ల పప్పు కనిపిస్తే పలాస పిల్లలు అడిగి తినరు.

రెండు పళ్ళేల మధ్యా మోహిని నిలబడి ఉంది. పెదాల మీద తెల్లటి పొడి. పిడికిలి బిగించి ఉంది. ఢిల్లీరావు పళ్ళెం సగానికి సగం ఖాళీ.

ఇందుమతి పిడికిలి విప్పింది. మూడు పప్పులు. అడవి ఆముదానివే.

"ఎన్ని తిన్నావమ్మా?"

"రెండు" అంది పిల్ల.

రెండా? ఆ పిల్లకి రెండు తర్వాత అంకె రాదు. పాఠంలో చెప్పే మాటలన్నీ ఇందుమతి తలలో ఒక్కసారి మోగాయి. వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు పోవడం, చిన్నపిల్లలకి మరీ ప్రమాదం. ఢిల్లీరావు నీళ్ళకని ఇలా వెళ్ళి అలా వచ్చాననీ, పళ్ళెం నిండుగా పోసినట్టే గుర్తనీ గొణుగుతున్నాడు. నోట్లో వేలు పెట్టి కక్కించకూడదని తెలిసీ ఇందుమతి చెయ్యి పిల్ల నోటి దాకా వెళ్ళింది. పిల్ల గుక్కపట్టింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తబోతుంటే టీ గ్లాసుతో తవిటయ్య ఎదురొచ్చాడు.

"ఒక్క చనం దించమ్మా."

"టైము లేదండీ."

"దించు."

దించింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు తిన్నదేదో తాతకి సూపించు."

మోహిని ముక్కు తుడుచుకుంది. చెయ్యి ఢిల్లీరావు పళ్ళెం మీదుగా సాగింది. చెయ్యి ఆగకుండా పోయి జీడిపప్పు పళ్ళెం మీద వాలింది.

"అవును. రెండు పప్పులు నానే పెట్టినాను" అంది సీతారత్నం.

"మరి ఇదో?" అని తవిటయ్య రెండో పళ్ళెం చూపించాడు.

మోహిని కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుక గడ్డం దాకా బయటపెట్టింది. గోడ మీద అడవి ఆముదం బొమ్మ మూల ఉన్న మొహం అచ్చంగా అదే.

"మరి సేతిలో ఎందుకెట్టుకున్నావు?"

"పారేత్తన్నాను. ఎవులూ తినకుండా."

ఢిల్లీరావు దుకాణం వెనక కట్టిన గుడ్డ ఎత్తి చూశాడు. బల్ల వెనక మురుగు కాలవలో అతని పళ్ళెంలో సగం పప్పు తేలుతోంది.

ఇందుమతి అక్కడే నేల మీద కూలబడింది. అంతా విన్నా ఆమె శాస్త్రం ఆమెని వదల్లేదు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని గడియారం చూస్తూ రెండు గంటలు కూర్చుంది. పిల్ల ఆ రెండు గంటల్లో ఇంకో నాలుగు జీడిపప్పులు తినడం తప్ప ఇంకేమీ కాలేదు.

తర్వాత వెళ్ళి గోడ ముందు నిలబడింది. పైన తను కట్టినవి నాలుగు, కింద మిగిలినవి మూడు.

"ఇవన్నీ పిల్లల కోసమా తవిటయ్య గారూ?"

"అబ్బే. బుజం పట్టేసినాది. సెయ్యి పైకి లేవదు" అంటూ ఆయన ఆ చెయ్యే బారుగా పైకి చాపి, నాలుగు బొమ్మలూ విప్పి కిందికి దించాడు.

జడ్జి అన్నంత పనీ చేశాడు. ఇందుమతి ఎంత వాదించినా తవిటయ్య పేరు పోటీలోంచి కొట్టేశాడు. సాయంత్రం ఢిల్లీరావు వచ్చి, అడవి ఆముదం బొమ్మ తన దుకాణంలో కట్టుకుంటానని అడిగాడు. ఇకనుంచి ఏ ఊళ్ళో ప్రదర్శనకెళ్ళినా వెంట తీసుకెళ్తాడట. మేకూ సుత్తీ తెచ్చుకుని, ఎక్కడ కొట్టమంటారని అడిగాడు.

తవిటయ్య మోహినిని పిలిచి దుకాణం గుంజకి ఆనించి నిలబెట్టాడు. చెవి మీంచి పెన్సిలు తీసి, ఒక కన్ను మూసి, పిల్ల కళ్ళకి సమంగా గీత గియ్యబోయి, అది మునికాళ్ళ మీద లేచి నిలబడడం చూసి ఆగాడు.

"మడాలు దించమ్మా" అన్నాడు. "నీకంటే పొట్టోళ్ళు కూడా వత్తారు."